టార్క్ కన్వర్టర్ పోయిందా? బోల్ట్ రంధ్రాలు కలిశాయని కొనకండి!

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. మొన్న ఆదివారం సాయంత్రం బీబీపేట నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. "అన్నా, బండి గుంజుతలేదు. మేస్త్రీ చూసి కన్వర్టర్ పోయిందన్నడు. స్క్రాప్‌ల ఒకటి దొరికింది, రంధ్రాలన్నీ కలుస్తున్నయి. తీసుకోవాల్నా?" అని అడిగిండు.

నేను "ఆగు, పైసలు ఇయ్యకు" అన్నాను. ఎందుకు ఆగమన్నానో చెప్పడానికే ఈ వీడియో. చివరి దాకా చూడండి. జేసీబీ, టిప్పర్, గల్ఫ్‌లో ఆటోమేటిక్ బండ్లు నడిపే అన్నలకు కూడా ఇదే లెక్క పనికొస్తుంది.

ముందు, మీ బండిలో కన్వర్టర్ ఉందా?

తమ్ముడిది సెకండ్ హ్యాండ్ బ్యాక్‌హో లోడర్. మనోళ్ళు ఏ కంపెనీది అయినా జేసీబీ అనే అంటారు. ఫైనాన్స్‌లో తీసుకున్నాడు. ఎండాకాలం చెరువు పూడిక పని ఒప్పుకున్నాడు. మన కామారెడ్డి వాళ్ళకి చెరువు పూడిక అంటే కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైంది మన సదాశివనగర్ చెరువు దగ్గరే. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు బాగు చేయాలని పెట్టుకున్న పథకం అది. అప్పటి నుంచి ఎంతమంది పిల్లలు బండ్లు కొని ఈ పనిలోకి దిగారో మీకు తెలుసు. ఈ పనికి వాన పడేదాకే టైం. చెరువులోకి నీళ్ళొస్తే సీజన్ అయిపోయినట్టే, కానీ కిస్తీ మాత్రం ప్రతి నెలా కట్టాల్సిందే.

ఈ రకం బ్యాక్‌హోల్లో ఎక్కువ వాటికి ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య మామూలు క్లచ్ ప్లేట్ ఉండదు, టార్క్ కన్వర్టర్ ఉంటుంది. లారీల సంగతి వేరు. మన రోడ్డు మీద క్లచ్ పెడల్ లేని లారీ కనబడగానే "ఆటోమేటిక్, కన్వర్టర్ ఉంటది" అనుకోవద్దు. వాటిలో చాలా వరకు ఏఎంటీ, అంటే ఆటోమేటెడ్ మాన్యువల్. లోపల మామూలు క్లచ్ ప్లేటే ఉంటుంది, కాకపోతే కాలు చేసే పని మెషిన్ చేస్తుంది. అందులో కన్వర్టర్ ఉండదు. అలిసన్ లాంటి పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న టిప్పర్లలో కన్వర్టర్ ఉంటుంది. కాబట్టి మీ బండి ఏ రకమో ముందు తెలుసుకోండి.

లోపల ఏం జరుగుతుంది?

బోరు మోటార్ అందరం చూశాం. అందులో ఇంపెల్లర్ తిరిగి నీళ్ళను విసురుతుంది. కన్వర్టర్‌లో ఇంజిన్ వైపు ఉన్నది అలాంటిదే, కాకపోతే నీళ్ళ బదులు ఆయిల్‌ను విసురుతుంది. దాని ఎదురుగా టర్బైన్ ఉంటుంది. నిజాంసాగర్ జల విద్యుత్ కేంద్రంలో నీళ్ళు వచ్చి టర్బైన్‌ను తిప్పినట్టు, ఇక్కడ ఆయిల్ వచ్చి గేర్‌బాక్స్ వైపు టర్బైన్‌ను తిప్పుతుంది. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఇనుముకి ఇనుము తగలదు, ఆయిలే పని చేస్తుంది. అందుకే గేర్‌లో ఉండి బ్రేక్ తొక్కినా ఇంజిన్ ఆగిపోదు.

ఈ రెండింటి మధ్యలో మూడోది ఉంది, స్టేటర్. అసలు కిటుకంతా దీనిలోనే. టర్బైన్‌ను కొట్టి వెనక్కి వచ్చే ఆయిల్ ఇంపెల్లర్‌కి ఎదురు తిరిగి అడ్డం పడకుండా, స్టేటర్ దాన్ని మళ్ళించి ఇంపెల్లర్ తిరిగే దిక్కుకే పంపిస్తుంది. దాంతో బలం పెరుగుతుంది. బండి కదలకుండా బకెట్‌ను మట్టి కుప్పలోకి తోస్తున్నప్పుడు ఇంజిన్ టార్క్ రెండు రెట్లు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ అయి గేర్‌బాక్స్‌కి చేరుతుంది. స్టేటర్‌కి సైకిల్ ఫ్రీవీల్ లాంటి వన్ వే క్లచ్ ఉంటుంది. ఒక దిక్కుకే తిరుగుతుంది, రెండో దిక్కుకి లాక్ అవుతుంది. బండి స్పీడ్ అందుకున్నాక ఇక బలం పెంచే అవసరం లేదు, అప్పుడు స్టేటర్ ఫ్రీగా తిరుగుతుంది.

దీన్ని కనిపెట్టింది హెర్మన్ ఫొట్టింగర్ అనే జర్మన్ ఇంజినీర్. 1905లో పేటెంట్ తీసుకున్నాడు. అదీ బండ్ల కోసం కాదు, ఓడల కోసం. వేగంగా తిరిగే ఆవిరి టర్బైన్ బలాన్ని మెల్లగా తిరిగే ఓడ పంకాకి అందించడానికి. ఈ రోజు మన చెరువులో పని చేస్తున్నది ఆ పద్ధతే.

నిజంగా కన్వర్టరే పోయిందా?

తమ్ముణ్ని నేను అడిగిన మొదటి ప్రశ్న, "రోడ్డు మీద ఎట్ల పోతుంది?" అని. "రోడ్డు మీద మంచిగనే పోతది అన్నా. బకెట్ నింపేటప్పుడు, కట్ట ఎక్కేటప్పుడే గుంజదు" అన్నాడు. ఇది మంచి గుర్తు. స్టేటర్ వన్ వే క్లచ్ పాడై రెండు దిక్కులా తిరుగుతుంటే ఇలాగే ఉంటుంది. కదిలేటప్పుడు బలం ఉండదు, స్పీడ్‌లో తేడా తెలియదు. దీనికి ఉల్టా కూడా ఉంది. స్టేటర్ పూర్తిగా పట్టేస్తే కదిలేటప్పుడు బాగుంటుంది, రోడ్డు మీద స్పీడ్ అందుకోదు, ఆయిల్ వేడెక్కుతుంది.

కానీ గుర్తులను మాత్రమే నమ్మి గేర్‌బాక్స్ దింపొద్దు. ముందు స్టాల్ టెస్ట్ చేయాలి. ఆయిల్‌ను పని చేసేంత వేడి చేయాలి. బండి ముందు, వెనక మనుషులు ఉండొద్దు. బ్రేకులు గట్టిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. మాన్యువల్‌లో చెప్పిన గేర్‌లో వేసి, బ్రేక్ పూర్తిగా తొక్కి, ఫుల్ రేస్ ఇవ్వాలి. బండి కదలకూడదు. ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎం దగ్గర ఆగిందో చూసి వెంటనే రేస్ వదిలేయాలి. కొద్ది సెకన్లు, అంతే.

ఎందుకంత తొందర? బండి కదలట్లేదు కాబట్టి ఇంజిన్ ఇచ్చే పవర్ అంతా ఆయిల్‌లో వేడిగా మారుతుంది. ఆ టైంలో ఇంజిన్ 50 హార్స్‌పవర్ ఇస్తోందనుకోండి, అది సుమారు 37 కిలోవాట్లు. మన బాత్‌రూంలో ఉండే 2 కిలోవాట్ల గీజర్లు 18 ఒకేసారి ఆ ఆయిల్‌లో పెట్టినట్టు. ఎక్కువసేపు పట్టుకుంటే సీల్స్ కాలిపోతాయి. ఈ టెస్ట్ అలవాటు లేనివాళ్ళు ఒంటరిగా చేయొద్దు, తెలిసిన మేస్త్రీని పక్కన పెట్టుకోండి.

వచ్చిన నంబర్‌ను మాన్యువల్‌లో ఉన్న నంబర్‌తో పోల్చాలి.

ఎక్కువ వస్తే: లోపల క్లచ్ ప్యాక్ జారుతోంది, లేదా ఆయిల్ తక్కువ ఉంది, లేదా ప్రెజర్ లేదు. కన్వర్టర్ మార్చినా లాభం లేదు.

తక్కువ వస్తే: ఇంజిన్ బలహీనంగా ఉంది, లేదా స్టేటర్ పోయింది. డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా తక్కువే వస్తుంది. అందుకే ముందు ఫిల్టర్లు మార్చి, లోడ్ లేకుండా ఇంజిన్ ఫుల్ ఆర్‌పీఎం అందుకుంటోందో లేదో చూడాలి. స్టేటర్ పోయినప్పుడు మామూలుగా తేడా చాలా ఎక్కువ ఉంటుంది.

తమ్ముడి బండికి ఫిల్టర్లు మార్చారు. ఖాళీగా ఇంజిన్ ఫుల్ ఆర్‌పీఎం అందుకుంది. స్టాల్ మాత్రం చాలా తక్కువ వచ్చింది. ఆయిల్ కొంచెం తీసి తెల్ల గుడ్డ మీద పోస్తే వెండి రజను మెరిసింది. ఇక సందేహం లేదు, దింపాల్సిందే.

రంధ్రాలు కలిస్తే చాలదా?

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. నేను మొదటి బండి నడిపే రోజుల్లో నాకూ కన్వర్టర్ పోయింది. ఒకతను "సేమ్ టు సేమ్" అని ఒకటి ఇచ్చాడు. బోల్ట్ రంధ్రాలు కలిశాయి, స్ప్లైన్ కలిసింది, లోపలికి చక్కగా కూర్చుంది. బండి కదిలింది కూడా. ఇంకేం, సంతోషపడ్డాను. పనిలోకి దిగాక మొదలైంది కథ. బకెట్ తోయగానే ఇంజిన్ మూలుగుడు, నల్ల పొగ. ఇంజిన్‌లో తప్పుందేమో అని పంపు విప్పించాను, నాజిళ్ళు మార్పించాను. చివరికి తేలింది ఏంటంటే, అది టర్బో ఇంజిన్ బండి కన్వర్టర్. నాది టర్బో లేని ఇంజిన్. గేర్‌బాక్స్ రెండుసార్లు దింపాను. ఆ సీజన్ పోయింది.

అసలు విషయం ఇదీ. కన్వర్టర్‌ను గేర్‌బాక్స్‌కి మాత్రమే కాదు, ఇంజిన్‌కి కూడా జత కట్టి తయారు చేస్తారు. బయటి డబ్బా ఒకటే అయినా లోపలి రెక్కల వంపు వేరుగా ఉండొచ్చు. ఆ వంపును బట్టి అది ఇంజిన్ నుంచి ఎంత బలం అడుగుతుందో మారుతుంది.

సైజు విషయంలో ఒక లెక్క వింటే మీరు ఆశ్చర్యపోతారు. ఒకే డిజైన్‌లో, కన్వర్టర్ తీసుకునే టార్క్ దాని వ్యాసం ఐదో ఘాతంతో పెరుగుతుంది. అంటే వ్యాసం 10 శాతం పెద్దదైతే, అదే ఆర్‌పీఎం దగ్గర అది అడిగే టార్క్ 61 శాతం పెరుగుతుంది. కావాలంటే ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి 1.1ని ఐదుసార్లు గుణించి చూడండి. "కొంచెం పెద్దది, ఏం కాదులే" అనే మాట ఎంత ఖరీదైనదో అర్థమైతది.

బలమైన ఇంజిన్‌కి చేసిన బిగువు కన్వర్టర్‌ను బలహీన ఇంజిన్‌కి పెడితే ఇంజిన్ పైకి లేవదు, నాకు జరిగినట్టు. బలహీన ఇంజిన్‌కి చేసిన వదులు కన్వర్టర్‌ను బలమైన ఇంజిన్‌కి పెడితే ఇంజిన్ గోల చేస్తుంది, బండి కదలదు, డీజిల్ తాగుతుంది, ఆయిల్ కాలుతుంది.

టిప్పర్‌లో ఇదే లెక్క ఎలా ఉంటుంది?

అలిసన్ 4000 సిరీస్ గేర్‌బాక్స్ తీసుకోండి. పెద్ద టిప్పర్లు, ఫైర్ ఇంజిన్ల లాంటి బరువు బండ్లకు వేసేది. ఒకే సిరీస్‌కి చాలా కన్వర్టర్లు ఉన్నాయి. టీసీ 521 బండి నిలబడి ఉన్నప్పుడు టార్క్‌ను 2.42 రెట్లు చేస్తుంది. టీసీ 541 అయితే 1.90 రెట్లు. టీసీ 561 అయితే 1.58 రెట్లు. ఇంజిన్ నుంచి 1000 న్యూటన్ మీటర్లు వస్తోందనుకుంటే, మొదటి దానిలో 2420 అవుతుంది, చివరి దానిలో 1580 అవుతుంది. ఒకే గేర్‌బాక్స్ పేరు మీద ఇంత తేడా!

"అయితే అందరం 2.42 దే పెట్టుకుంటే పోలే?" అని కామెంట్ పెట్టకండి, సమాధానం ఇప్పుడే చెప్తా. ఎక్కువ రెట్లు పెంచేదానిలో జారుడు, వేడి ఎక్కువ. పైగా గేర్‌బాక్స్ లోపలికి పంపే టార్క్‌కి ఒక హద్దు ఉంటుంది. బలమైన ఇంజిన్‌ను అన్ని రెట్లు పెంచితే ఆ హద్దు దాటి గేర్‌బాక్స్ దెబ్బతింటుంది. అందుకే ఏ ఇంజిన్‌కి ఏది అని కంపెనీ లెక్క వేసి పెడుతుంది.

టిప్పర్ కన్వర్టర్లలో లాకప్ క్లచ్ కూడా ఉంటుంది. స్పీడ్ అందుకున్నాక ఇంపెల్లర్‌నీ టర్బైన్‌నీ కలిపి పట్టేస్తుంది, దాంతో జారుడు ఉండదు, డీజిల్ మిగులుతుంది. పాత బ్యాక్‌హోల్లో చాలా వాటికి ఇది ఉండదు. లాకప్ ఉన్నదాని బదులు లేనిది, లేనిదాని బదులు ఉన్నది పెట్టొద్దు.

తీసిన దాన్ని చూసి కొనడం కూడా తప్పే

ఇప్పుడు తమ్ముడి దగ్గరికి వద్దాం. గేర్‌బాక్స్ దింపాక "అన్నా, పాతదాని మీద నంబర్ ఉంది, అదే నంబర్ది తెస్తా" అన్నాడు. నేను మళ్ళీ ఆగమన్నాను. "బండి నువ్వు కొత్తది కొన్నవా?" అని అడిగాను. కాదు కదా, సెకండ్ హ్యాండ్. మునుపటి ఓనర్ ఏం మార్చాడో మనకేం తెలుసు?

అందుకని బండి సీరియల్ నంబర్, ఇంజిన్ నంబర్ ప్లేట్ ఫోటోలు తీసి, ఆ బండి పార్ట్స్ బుక్‌లో వెతికించాం. అనుమానించినట్టే అయింది. ఆ బండికి ఉండాల్సిన నంబర్ వేరు, లోపల ఉన్న నంబర్ వేరు. ముందే ఎవరో వేరే ఇంజిన్ది పెట్టేశారు. అప్పుడు తమ్ముడు మెల్లగా అన్నాడు, "కొన్నప్పటి నుంచి బండి మొద్దుగనే ఉండెనన్నా. ఇంజిన్ పాతది కదా అని ఊకున్న."

స్క్రాప్‌లో దొరికినది? దాని నంబర్, తీసిన తప్పు కన్వర్టర్ నంబర్ ఒక్కటే! దాంతో పోల్చి వెతికారు కాబట్టి అదే దొరికింది. రంధ్రాలు కలవకుండా ఎలా ఉంటాయి? ఆ రోజు పైసలు ఇచ్చి ఉంటే అదే తప్పును మళ్ళీ కొన్నట్టయ్యేది.

కాబట్టి వరుస గుర్తుపెట్టుకోండి. మొదట బండి సీరియల్ నంబర్, ఇంజిన్ నంబర్. వాటి నుంచి కన్వర్టర్ పార్ట్ నంబర్. ఆ తర్వాతే దుకాణం.

కొత్తదా, రీబిల్డా, సెకండ్ హ్యాండా?

కొత్తది కొంటే నిశ్చింత, కానీ రేటు ఎక్కువ. స్క్రాప్‌ది తక్కువ రేటు, కానీ లోపల ఎలా ఉందో కనబడదు, ఎందుకంటే చాలా కన్వర్టర్లు వెల్డ్ చేసి మూసేసి ఉంటాయి. మధ్యలో రీబిల్డ్ ఉంది. దాన్ని లేత్ మీద కోసి, లోపలివి మార్చి, మళ్ళీ వెల్డ్ చేస్తారు. మీ బండిలో ఉన్న నంబర్ సరైనదే అయితే, మీ దాన్నే రీబిల్డ్ చేయించుకోవడం మంచి దారి.

రీబిల్డ్ చేసేవాళ్ళను ఇవి అడగండి. బేరింగ్‌లు, సీల్స్, స్టేటర్ వన్ వే క్లచ్ కొత్తవి వేశారా? వెల్డ్ చేశాక లీక్ టెస్ట్ చేశారా? బ్యాలెన్స్ చేశారా? ఈ మూడింటికీ బిల్లు మీద రాసిస్తారా? "పెయింట్ కొత్తగా ఉంది చూడు" అంటే అది రీబిల్డ్ కాదు, రంగు మాత్రమే.

సెకండ్ హ్యాండ్ తప్పనిసరి అయితే, నంబర్ కలిశాక కూడా ఇవి చూడండి. డబ్బా మీద నీలం రంగు తేలిందా? అంటే బాగా కాలింది, వదిలేయండి. మెడ దగ్గర సీల్ కూర్చునే చోట గోరుతో గీస్తే గాడి తగులుతోందా? లీక్ అవుతుంది. లోపల స్టేటర్ స్ప్లైన్‌ను వేలితో తిప్పి చూడండి. ఒక దిక్కుకి తిరగాలి, రెండో దిక్కుకి పట్టుకోవాలి. రెండు దిక్కులా తిరిగితే అది కూడా పోయినదే. మిగిలిన ఆయిల్ ఒంపి చూడండి, రజను ఉంటే వద్దు.

ఇక రేటు లెక్క. స్క్రాప్‌ది రీబిల్డ్ కన్నా 15 వేలు తక్కువకి వస్తోందనుకుందాం. గంటకు 1000 రూపాయల చొప్పున రోజుకు 8 గంటలు నడిస్తే 8 వేలు. రెండు రోజులు బండి ఆగితే 16 వేలు. మళ్ళీ దింపే మజూరీ, ఆయిల్ ఖర్చు వేరే. మిగిలింది ఎక్కడ?

బిగించేటప్పుడు మూడు జాగ్రత్తలు

ఒకటి, కూలర్. పాత కన్వర్టర్ విడిచిన రజను ఆయిల్ కూలర్‌లో, పైపుల్లో కూర్చుని ఉంటుంది. దాన్ని కడగకుండా కొత్తది పెడితే ఆ రజను మళ్ళీ లోపలికే వస్తుంది. కూలర్ శుభ్రం కాకపోతే మార్చేయండి. ఫిల్టర్, ఆయిల్ ఎలాగూ కొత్తవే. ఆయిల్ మాన్యువల్‌లో చెప్పిన రకమే, "ఏదో ఒక గేర్ ఆయిల్" కాదు.

రెండు, కన్వర్టర్ పూర్తిగా లోపల కూర్చోవాలి. దాని మెడ ఆయిల్ పంపును తిప్పుతుంది, ఆ పంపులోకి సరిగ్గా దిగాలి. గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కి కలిపాక, కన్వర్టర్‌కీ ఫ్లెక్స్ ప్లేట్‌కీ మధ్య కొద్ది మిల్లీమీటర్ల సందు ఉండి, కన్వర్టర్ చేత్తో తిరగాలి. తిరగట్లేదు, బోల్ట్‌లు బిగించి గుంజుదాం అనుకుంటే, స్టార్ట్ చేయగానే పంపు పగిలిపోతుంది.

మూడు, బోల్ట్‌లు. పొడుగు బోల్ట్ వేస్తే అది కన్వర్టర్ ముందు రేకును లోపలికి తోస్తుంది. ఫ్లెక్స్ ప్లేట్‌కి రంధ్రాల చుట్టూ పగుళ్ళు ఉన్నాయేమో టార్చ్ వేసి చూడండి. అన్నీ బిగించాక మళ్ళీ ఒకసారి స్టాల్ టెస్ట్ చేసి, వచ్చిన నంబర్ రాసి పెట్టుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే పోల్చుకోవడానికి ఉంటుంది.

తమ్ముడి బండి ఏమైంది?

సరైన నంబర్ కన్వర్టర్ హైదరాబాద్‌లో రీబిల్డ్ చేసినది దొరికింది. వెతకడానికి, తేవడానికి, బిగించడానికి కలిపి ఆరు రోజులు బండి ఆగింది. స్క్రాప్‌ది అయితే రెండు రోజుల్లో అయిపోయేది, నిజమే. ఆ ఆరు రోజులు ఇంట్లో మాటలు కూడా పడ్డాడు. ఏడో రోజు వీడియో కాల్ చేసి చూపెట్టిండు. చెరువులో తడి మట్టి కుప్పలోకి బకెట్ తోస్తే ఇంజిన్ మూలగకుండా నింపుకుని లేచింది. "అన్నా, కొన్నప్పటి నుంచి ఇట్ల గుంజుడు ఇదే ఫస్ట్ టైం" అన్నాడు.

గల్ఫ్‌లో పికప్‌లు, ట్రక్కులు నడిపే మన కామారెడ్డి, నిజామాబాద్ అన్నలకు కూడా ఇదే మాట. బండి మారినా వరుస మారదు. ముందు టెస్ట్, తర్వాత నంబర్, ఆ తర్వాతే పైసలు.

మీ బండి సీరియల్ నంబర్ ప్లేట్‌నీ, ఇంజిన్ నంబర్‌నీ ఈ రోజే ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. బండి బాగున్నప్పుడు తీస్తే ఒక్క నిమిషం పని. దుమ్ము పట్టి, ప్లేట్ అరిగి, బండి ఆగిపోయి, మనసు బాగలేనప్పుడు అదే పెద్ద పని అవుతుంది. వీడియో నచ్చితే బండి ఉన్న ఫ్రెండ్‌కి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!